‘ఎవరికి చెప్పినవ్?’: ఒక మాత్రల ఫ్యాక్టరీలో ఏడు నిమిషాల ఆటలు

ఈ కేసు ఒక చిరిగిన జల్లెడతో మొదలైంది.

హైదరాబాద్ శివార్లలోని ఒక మాత్రల తయారీ యూనిట్ అది. గ్రాన్యులేషన్ విభాగంలో పొడిని జల్లించే సిఫ్టర్‌కి స్టీలు జల్లెడ బిగిస్తారు. పని మొదలయ్యే ముందు ఒకసారి, అయిపోయాక ఒకసారి అది బాగుందో లేదో చూసి రికార్డులో రాయాలి. ఆ రోజు బి షిఫ్టు చివర్లో విప్పి చూస్తే అంచు దగ్గర వేలెడంత చిరుగు కనిపించింది. బ్యాచ్ హోల్డ్‌లో పడింది. మర్నాడు విచారణకి కూర్చున్నాం. ట్రైనింగ్ తరఫున నేనూ ఉన్నాను. పని సగంలో ఉండగానే సిఫ్టర్ శబ్దంలో తేడా వచ్చిందని ఒక హెల్పర్ కుర్రాడు గమనించాడట. ఊరుకోలేదు కూడా, చెప్పాడు.

“ఎవరికి చెప్పినవ్?” అని ప్రొడక్షన్ మేనేజర్ అడిగారు.

“ఒక సార్‌కి చెప్పిన సార్.”

“ఏ సార్?”

“పేరు తెల్వది. మాస్క్‌ల ఉన్నడు.”

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ కుర్రాడు అబద్ధం చెప్పట్లేదని అందరికీ తెలుసు. తయారీ గదుల్లోకి వెళ్ళాలంటే తల నుంచి పాదం దాకా ఒకే రంగు ఓవరాల్, హుడ్, మాస్క్, గ్లౌజులు వేసుకోవాలి. ఐడీ కార్డు లాకర్‌లోనే ఉండిపోతుంది. లోపల కనిపించేవి కళ్ళు మాత్రమే. ఎవరు ఆపరేటరో, ఎవరు కెమిస్టో, ఎవరు క్యూఏ (నాణ్యత నియమాలు పాటిస్తున్నారో లేదో చూసే విభాగం) ఆఫీసరో చూసి చెప్పలేం. పైగా ఆ కుర్రాడు చేరి రెండు నెలలే అయింది. అతను చెప్పింది మెయింటెనెన్స్ పనికి వచ్చిన ఒక టెక్నీషియన్‌కి అయ్యుండొచ్చని తర్వాత అనుకున్నాం. కచ్చితంగా మాత్రం తేలలేదు.

ఇలాంటిది జరిగినప్పుడు మా పరిశ్రమలో కాపా అనే నివేదిక రాయాలి. తప్పు ఎలా దిద్దాం, మళ్ళీ జరక్కుండా ఏం చేస్తున్నాం అన్నది అందులో ఉండాలి. ఆ గడిలో అందరి చేతికీ అలవాటైపోయిన వాక్యం ఒకటుంది: ‘సంబంధిత సిబ్బందికి రీట్రైనింగ్ ఇవ్వబడింది.’ పదేళ్ళు క్యూసీలో, అంటే మందుల్ని పరీక్షించే ల్యాబ్‌లో, కెమిస్ట్‌గా చేసి ట్రైనింగ్‌లోకి వచ్చినదాన్ని, ఆ వాక్యం నేనే ఎన్నోసార్లు రాశాను. ఈసారి రాయబుద్ధి కాలేదు. తేడా కనిపిస్తే పైవాళ్ళకి చెప్పాలని ఎస్‌ఓపీలో, అంటే పని ఎలా చేయాలో రాసిపెట్టిన పత్రంలో, ఉంది. ఆ కుర్రాడు అదే చేశాడు. అతనికి మళ్ళీ ఏం నేర్పాలి? లోపం అతని జ్ఞానంలో లేదు. ఒకే గదిలో ఎనిమిది గంటలు పనిచేసే మనుషులకి ఒకరి పేరు ఒకరికి తెలియకపోవడంలో ఉంది.

ఓవరాల్ మీద పేరు స్టిక్కర్ అంటిస్తే సరిపోదా అని ఎవరో అన్నారు. స్టిక్కర్ ఊడి పొడిలో పడితే అదే ఇంకో డీవియేషన్ (నియమం తప్పిన ఘటన) అవుతుందని క్యూఏ వాళ్ళు ఒప్పుకోలేదు. పేరు ప్రింట్ చేయిద్దామంటే ఓవరాల్స్ లాండ్రీ నుంచి సైజు ప్రకారం వస్తాయి, మనిషి ప్రకారం కాదు. ఇక మిగిలింది మనుషులకే ఒకరినొకరు గుర్తుపట్టడం నేర్పడం. ట్రైనింగ్ వాళ్ళం ఐస్‌బ్రేకర్లనే, మనుషుల మధ్య బెరుకు పోగొట్టే చిన్న చిన్న ఆటల వైపు నేను అలా వెళ్ళాను.

మొదటి ప్రయత్నం

ఇది నేను చేసిన తప్పు కాబట్టి వివరంగా రాస్తున్నాను. చాలా కంపెనీల్లో ఇప్పటికీ ఇదే జరుగుతోంది.

ఒక శనివారం జనరల్ షిఫ్టు అయ్యాక క్యాంటీన్ హాల్లో అందరినీ కూర్చోబెట్టాను. ఆఫీసర్లు, ఆపరేటర్లు, ప్యాకింగ్‌లో పనిచేసే కాంట్రాక్ట్ మహిళలు కలిసి డెబ్భై మంది దాకా వచ్చారు. బంతి ఒకరి నుంచి ఒకరికి వెళ్తుంది. బంతి ఎవరి దగ్గర ఆగితే వాళ్ళు లేచి పేరు చెప్పి, ‘చివరిసారి ఎక్కడికి టూర్ వెళ్ళారు’ అన్న ప్రశ్నకి జవాబు చెప్పాలి. ఆ ప్రశ్న ఎంచుకున్నది నేనే. సరదాగా ఉంటుందనుకున్నాను.

ఒకరు గోవా అన్నారు. ఒకరు కూర్గ్. ఒక ఆఫీసర్ మలేసియా ఫోటోలు ఫోన్‌లో చూపించారు. తర్వాత బంతి ప్యాకింగ్‌లో పనిచేసే ఒకావిడ ఒళ్ళో ఆగింది. ఆవిడ లేచి నిలబడింది. కొంగు సర్దుకుంది. “మా అమ్మగారింటికి పోయిన మేడం, బతుకమ్మకు” అంది. వెనక నుంచి నవ్వులు వినిపించాయి. చెడ్డ మనసుతో నవ్వినవి కావు, అయినా నవ్వులే. ఆవిడ కూర్చుంది. ఆ తర్వాత బంతి ఆ వరసలో ఎవరి దగ్గరికి వచ్చినా ముట్టుకోకుండానే పక్కకి నెట్టేశారు.

దగ్గర చేద్దామని పెట్టిన ఆట ఎవరి జీతం ఎంతో, ఎవరు పర్మినెంటో, ఎవరు కాంట్రాక్టో అందరి ముందూ చాటింపు వేసింది. ఇంకో సంగతి సోమవారం తెలిసింది. ఆ గంటకి కాంట్రాక్ట్ వాళ్ళకి కూలీ రాలేదు. షిఫ్టు అయ్యాక పంచ్ చేసి వచ్చి కూర్చున్నారు వాళ్ళు. కంపెనీ బస్సు వెళ్ళిపోతే కొందరు షేర్ ఆటోకి సొంత డబ్బులు పెట్టుకున్నారు.

ప్యాకింగ్ హాలుకి వెళ్ళి ఆవిడకి క్షమాపణ చెప్పాను. “ఏం గాదు మేడం” అంది, కానీ నా కళ్ళలోకి చూడలేదు. అందరినీ ఒకేసారి కూర్చోబెట్టే కార్యక్రమం ఆ యూనిట్‌లో నేను మళ్ళీ పెట్టలేదు.

థియేటర్ నుంచి ఒక పాఠం

అందరూ మాస్కుల్లోనే ఉండి, తప్పు జరిగితే ప్రాణాల మీదకి వచ్చే చోటు ఇంకొకటుంది. అది ఆపరేషన్ థియేటర్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన సర్జరీ చెక్‌లిస్టులో 19 అంశాలున్నాయి. కోత పెట్టే ముందు అక్కడున్న ప్రతి ఒక్కరూ తన పేరు, తన పని పైకి చెప్పాలన్నది అందులో ఒకటి. ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో దాన్ని అమలు చేసి చూశారు. వాటిలో న్యూఢిల్లీ కూడా ఉంది. 2009లో అచ్చయిన ఫలితాల ప్రకారం పెద్ద కాంప్లికేషన్లు 11 శాతం నుంచి 7 శాతానికి, మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. ఇదంతా పేర్లు చెప్పుకోవడం వల్లే జరిగిందని నేను అనను, మిగతా అంశాల పాత్ర చాలా ఉంది. కానీ పేరు చెప్పుకోవడాన్ని మర్యాద కోసమో సరదా కోసమో కాకుండా భద్రత కోసం చేసే పనిగా ఒక పెద్ద సంస్థ రాసి పెట్టింది. ఆ మాటని పట్టుకునే నేను మేనేజ్‌మెంట్ దగ్గరికి వెళ్ళాను.

నేను అడిగింది షిఫ్టుకి ఏడు నిమిషాలు. షిఫ్టులు ఆరింటికి, రెండింటికి, పదింటికి మారతాయి. ప్రతి మార్పుకి ముందు పదిహేను నిమిషాలు హ్యాండోవర్ ఉంటుంది. కాగితం మీద పదిహేను నిమిషాలే, నిజానికి లాగ్‌బుక్‌లో రెండు సంతకాలు పెట్టేసి అయిపోయిందనిపించేవారు. ఆ పదిహేనులో ఏడు ఇమ్మన్నాను. మనుషులు పంచ్ చేశాకే ఆట మొదలవ్వాలని, కాంట్రాక్ట్ వాళ్ళ పంచ్ కూడా ఆ టైమ్ ప్రకారమే లెక్కలోకి రావాలని షరతు పెట్టాను. దీని మీద కాంట్రాక్టర్‌తో రెండు వారాలు మాట్లాడాల్సి వచ్చింది. అది తేలేదాకా ఆట మొదలుపెట్టలేదు. జీతం లేని టైమ్‌లో ఆడించే ఆట ఎంత మంచిదైనా మోసమే.

చోటు కూడా ముఖ్యం. క్యాంటీన్ వద్దనుకున్నాం. ప్రైమరీ చేంజ్ రూమ్ బయట చెప్పుల ర్యాక్ ఉంటుంది. అందరూ అక్కడ చెప్పులు విప్పి, అడ్డ బెంచీ దాటి లోపలికి వెళ్తారు. ఆ ర్యాక్ పక్కన ఖాళీ స్థలం పది పన్నెండు మంది నిలబడేంత ఉంది. లైను వారీగా, అంతకంటే ఎక్కువ మంది లేకుండా, నిలబడే ఆడాలి. కూర్చుంటే మీటింగ్ అయిపోతుంది.

వీరి వీరి గుమ్మడిపండు

మొదటి ఆట కోసం నేను ఇంటర్నెట్ వెతకలేదు. చిన్నప్పుడు మనందరం ఆడిందే. ఒకరు కళ్ళు మూసుకుంటే, ఎదురుగా నిలబడింది ఎవరో చూడకుండా పేరు చెప్పాలి. తెలుగు పిల్లలకి తరతరాలుగా ఉన్న ఐస్‌బ్రేకర్ అది.

మేం దాన్ని ఇలా మార్చాం. ఒకరు గోడ వైపు తిరిగి నిలబడతారు. ఎవరూ ఎవరినీ ముట్టుకోరు. వెనకున్న వాళ్ళలో ఒకరు నిన్నటి పని గురించి ఒక వాక్యం చెప్తారు. ‘ఎఫ్‌బీడీ బ్యాగ్ మార్చినం, కొత్తది బిగించినం’ లాంటిది (ఎఫ్‌బీడీ అంటే తడి పొడిని ఆరబెట్టే యంత్రం). గోడ వైపున్న మనిషి గొంతు విని ఆ పేరు, చేసే పని చెప్పాలి. తప్పయితే మాట్లాడిన వాళ్ళే ముందుకొచ్చి తమ పేరు చెప్పుకుంటారు. అంతే. ఇద్దరు ముగ్గురి వంతు వచ్చేసరికి టైమ్ అయిపోతుంది.

గొంతునే ఎందుకు ఎంచుకున్నామంటే, లోపల మాస్కులు వేసుకున్నాక మనిషిని పట్టిచ్చేది గొంతే. ఆట బయట ఆడినా అక్కరకొచ్చేది లోపలే. పైగా చెప్పే వాక్యం పని గురించే కాబట్టి హ్యాండోవర్‌లో ఒక ముక్క దానంతటదే అయిపోతుంది.

మొదటి వారం ఒక చిక్కు వచ్చింది, నేను ముందే ఊహించాల్సింది. జవాబు తెలిసినా కొందరు పేరు పలకడం లేదు. ఇరవై ఏళ్ళ కుర్రాడు యాభై ఏళ్ళ ఆపరేటర్‌ని పేరు పెట్టి పిలవడమా! “అన్న” అంటాడు, ఇంకా అడిగితే “పెద్దన్న” అంటాడు, పేరు మాత్రం నోట్లోంచి రాదు. ఇంకోవైపు ఆఫీసర్లు ప్యాకింగ్ మహిళల్ని “ఏమ్మా”, “ఓ అమ్మా” అనే పిలుస్తారు, పేరు తెలుసుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు. కింద నుంచి పైకి గౌరవం అడ్డు. పైనుంచి కిందికి అలవాటు అడ్డు. రెండు వైపులా పేరు మాయమైంది.

అందుకే రెండో వారం ఆట ఆపి ఒక్క పనే చేశాం. ‘మిమ్మల్ని ఏమని పిలవాలి?’ అని ఒక్కొక్కరినీ అడిగాం. పెద్దాయన తన పేరు చెప్పి చివర అన్న చేర్చమన్నాడు. ఒడిశా నుంచి వచ్చిన కుర్రాడు భయ్యా వద్దు, పేరు చాలు అన్నాడు. కొత్తగా చేరిన క్యూఏ అమ్మాయి కాసేపు ఆలోచించి, “పాపా అనకండి, పేరు చెప్పి గారు అనండి” అంది. అప్పటిదాకా లైన్ మీద ఆమెని అందరూ పాపా అనే పిలిచేవారు, ఆప్యాయంగానే. లైన్ క్లియరెన్స్, అంటే పాత బ్యాచ్‌ది ఏదీ మిగల్లేదని చూసి కొత్తది మొదలుపెట్టడానికి ఇచ్చే అనుమతి, ఆపే అధికారం ఉన్న ఆఫీసర్‌ని పాపా అని పిలుస్తుంటే ఆమె ‘ఆపండి’ అన్నప్పుడు ఎవరు వింటారు? ఈ విషయం ఆ రోజు ఆ చెప్పుల ర్యాక్ దగ్గర నాకు మొదటిసారి తట్టింది.

ఇంకో నియమం కూడా అప్పుడే పెట్టాం. పేరు అడగొచ్చు, ఇంటిపేరు అడగకూడదు. ఊరు అడగకూడదు. మన దగ్గర ఆ రెండు ప్రశ్నలూ ఎక్కడికి దారితీస్తాయో అందరికీ తెలుసు. పెళ్ళి, పిల్లలు, జీతం, టూర్లు కూడా వద్దు. ఆడాలని లేని వాళ్ళు ‘పాస్’ అనొచ్చు, ఎందుకని ఎవరూ అడగకూడదు. మొదటి వంతు ఎప్పుడూ ఆ లైన్‌లో అందరికంటే పెద్ద హోదా ఉన్నవాళ్ళదే. గోడ వైపు తిరిగి, తన కిందివాళ్ళ గొంతు గుర్తుపట్టలేక తప్పు చెప్పే అనుభవం ముందు వాళ్ళకి కలగాలి.

ఉప్మా బ్యాచ్ రికార్డు

పేర్లు తెలిసినంత మాత్రాన తప్పు కనిపించినప్పుడు నోరు పెగలదు. నా అసలు లక్ష్యం అదే. ‘ఇక్కడ తేడా ఉంది’ అన్న మాటని మనుషులు పదే పదే పైకి అనాలి, అది ఎదుటివాడి మీద నింద కాకుండా ఉండాలి.

ఒక నకిలీ బీఎంఆర్ కాగితంలో కావాలని తప్పులు పెట్టి, వాటిని వెతికించాలనుకున్నాను. బీఎంఆర్ అంటే బ్యాచ్ తయారీ రికార్డు. ఏ పదార్థం ఎంత వేశారు, ఎప్పుడు వేశారు, ఎవరు చేశారు, ఎవరు సరిచూశారు అన్నీ అందులో ఉంటాయి. క్యూఏ హెడ్ వెంటనే వద్దన్నారు. నిజమైన మందు పేరుతో కంట్రోల్ లేని కాగితం షాప్ ఫ్లోర్ దగ్గర కనిపిస్తే ఆడిట్‌లో ఏం సమాధానం చెప్తామన్నారు. న్యాయమైన మాటే. ఆ సాయంత్రం ఇంట్లో ఉప్మాకి రవ్వ వేయిస్తూ ఉండగా ఆలోచన వచ్చింది. మందు వద్దు, ఉప్మాకే బ్యాచ్ రికార్డు రాద్దాం.

పెద్ద అక్షరాలతో రాసి లామినేట్ చేయించిన ఆ అట్ట ఇప్పటికీ నా దగ్గరుంది. ‘ఉత్పత్తి: బొంబాయి రవ్వ ఉప్మా. బ్యాచ్ పరిమాణం: నలుగురికి.’ కింద గడులు. నూనె, ఆవాలు, మినప్పప్పు, పచ్చిమిర్చి, అల్లం, ఉల్లిపాయ, కరివేపాకు, నీళ్ళు, ఉప్పు, రవ్వ. ప్రతి వరసకీ చేసినవారి సంతకం, టైమ్, సరిచూసినవారి సంతకం, టైమ్. మొదటి అట్టలో మూడు తప్పులు పెట్టాను. ఉప్పు గ్రాముల్లో ఉండాల్సింది కిలోల్లో ఉంది. నీళ్ళు మరగకముందే రవ్వ పోసినట్టుంది. మూడోది అసలైనది. ఉల్లిపాయలు వేయించింది 7.20కి, వేగాయని సరిచూసి సంతకం పెట్టింది 7.15కి.

మొదటి రెండూ క్షణాల్లో దొరికాయి. మూడోది దొరికినప్పుడు అక్కడున్న వాళ్ళ ముఖాలు చూడాల్సింది. పని జరగకముందే సరిచూసిన సంతకం పడటం ఎలా ఉంటుందో వాళ్ళందరికీ తెలుసు. మందు రికార్డు మీద దాని గురించి మాట్లాడాలంటే ఒకరి ఉద్యోగం గురించి మాట్లాడటమే. ఉప్మా మీద మాట్లాడటానికి ఎవరికీ టెన్షన్ లేదు. “చూడకుండనే సంతకం పెట్టిండు!” అని ఒక ఆపరేటర్ గట్టిగా అన్నాడు, అందరూ తలూపారు. తర్వాత రెండు నిమిషాలు అలా ఎందుకు జరుగుతుందో వాళ్ళే మాట్లాడుకున్నారు. సరిచూసే మనిషి ఒక్కడు, గదులు మూడు, అందుకే ముందే పెట్టేసి వెళ్తాడు. నా క్లాసుల్లో ఆ మాట ఎవరూ ఇంత తేలిగ్గా చెప్పలేదు.

ఈ ఆటలో ఒకే ఒక్క నియమం ఉంది, అది లేకపోతే ఆటే లేదు. తప్పు కనిపెట్టిన వాళ్ళు “ఇక్కడుంది” అనాలి. తప్పు పెట్టిన వాళ్ళు “థాంక్స్” అనాలి. వేరే మాట అనకూడదు. ‘అది కాదు, అసలు నేనేమనుకున్నానంటే’ అని మొదలుపెట్టకూడదు. మొదటి వారం అట్ట మీద తప్పు పెట్టింది నేను. రెండో వారం నుంచి లైన్ సూపర్‌వైజర్లు పెట్టారు. తన కింద పనిచేసే హెల్పర్ తన తప్పు చూపిస్తే సూపర్‌వైజర్ నోటితో థాంక్స్ అనడం, వారానికి రెండు మూడుసార్లు, నలుగురి ముందు. ఒక సూపర్‌వైజర్‌కి ఆ మాట రావడానికి దాదాపు నెల పట్టింది. తల ఊపేవాడు, నవ్వేవాడు, మాట వచ్చేది కాదు. నేను ఒత్తిడి చేయలేదు. ఒక రోజు అన్నాడు.

మొదటి రోజుల్లో ఎప్పుడూ మాట్లాడని వాళ్ళు ఈ అట్ట దగ్గర మాట్లాడారు. రవ్వకి నీళ్ళు రెండున్నర వంతులా, మూడు వంతులా అన్న చోట ప్యాకింగ్ మహిళల మాటే చెల్లింది, ఎమ్మెస్సీ చదివిన కెమిస్టులు విన్నారు. చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ ఆ లైన్‌లో వాళ్ళ మాట పైచేయి కావడం నేను అదే మొదటిసారి చూశాను.

మూడో ఆట చాలా చిన్నది. వెళ్ళిపోయే షిఫ్టు హ్యాండోవర్ బోర్డు మీద ఒక పొడుపు కథ రాసి వెళ్తుంది, వచ్చే షిఫ్టు జవాబు రాస్తుంది. మొదటి రోజు ఎ షిఫ్టు రాసింది: ‘కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు వేసినా చప్పుడు కావు.’ కనురెప్పలని బి షిఫ్టు రాసి, కింద రెండు కళ్ళున్న మాస్క్ బొమ్మ వేసింది. ఒకరి మీద ఒకరు నేరాలు మోపుకునే రెండు షిఫ్టుల మధ్య పనికి సంబంధం లేని మాట నడవడం మంచిదే. కొన్నాళ్ళకి కథలు అయిపోయాయి, ఆట ఆగిపోయింది. ఆపేశామని బాధపడలేదు.

సూపర్‌వైజర్లకి మాత్రం ఒకసారి గోపురం ఆట ఆడించాను. పీటర్ స్కిల్‌మన్ రూపొందించిన ఆట అది. 20 స్పఘెట్టీ పుల్లలు, గజం టేపు, గజం దారం, ఒక మార్ష్‌మాలో ఇస్తారు. 18 నిమిషాల్లో నిలబడే గోపురం కట్టి మార్ష్‌మాలోని పైన పెట్టాలి. బిజినెస్ స్కూల్ పట్టభద్రుల కంటే కిండర్‌గార్టెన్ పిల్లలే మెరుగ్గా కడతారని టామ్ వూజెక్ 2010లో చెప్పి దాన్ని లోకమంతా తెలిసేలా చేశారు. మేం చీపురు పుల్లలు, నిమ్మకాయ వాడాం. చివరి నిమిషంలో నిమ్మకాయ పెట్టిన రెండు జట్ల గోపురాలు కూలాయి. ముందే చిన్నగా కట్టి పరీక్షించాలన్న సంగతి బాగా ఎక్కింది. అయితే అది ఏడాదికోసారి ఆడే ఆట. మనుషుల మధ్య అలవాటుని మార్చే శక్తి దానికి లేదు. మార్పు వచ్చింది రోజూ చెప్పుల ర్యాక్ దగ్గర నిలబడి ఆడినవాటి వల్లే.

డీవియేషన్లు పెరిగాయి

మూడో నెల క్వాలిటీ మీటింగ్‌లో గ్రాఫ్ పైకి లేచింది. డీవియేషన్ రిపోర్టులు అంతకు ముందు కంటే ఎక్కువ వచ్చాయి. ప్లాంట్ హెడ్ నా వైపు చూశారు. “ఆటలు మొదలుపెట్టాక తప్పులు పెరిగాయేంటమ్మా?”

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు, అయినా గొంతు తడారింది. తర్వాత హార్వర్డ్‌లో ఆచార్యులైన ఏమీ ఎడ్మండ్‌సన్ 1990ల్లో ఆసుపత్రి నర్సుల బృందాల్లో మందుల పొరపాట్ల మీద పరిశోధన చేశారు. బాగా పనిచేసే బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయని అనుకుంటే, వాటిలోనే ఎక్కువ నమోదయ్యాయి. ఆ బృందాలు ఎక్కువ తప్పులు చేయడం లేదు, దాచకుండా చెప్పుకుంటున్నాయన్నది ఆమె ఇచ్చిన వివరణ. మానసిక భద్రత అన్న ఆలోచనని 1999లో ఆమె విస్తరించి రాయడానికి మూలం అక్కడుంది. ఇదంతా మీటింగ్‌లో చెప్పాను, కానీ ప్లాంట్ హెడ్‌ని ఒప్పించింది ఇది కాదు.

పాత రిపోర్టులు, కొత్త రిపోర్టులు రెండు కుప్పలుగా టేబుల్ మీద పెట్టి, ‘ఎవరు గమనించారు’ అన్న గడి ఒక్కటే చూడమన్నాను. పాతవాటిలో దాదాపు అన్నిటా క్యూఏ అని ఉంది. అంటే తప్పు జరిగిపోయి, చెకింగ్‌లో దొరికినవి. కొత్తవాటిలో ఆపరేటర్లు, హెల్పర్లు ఉన్నారు. బ్యాచ్ నడుస్తుండగానే, చిన్నగా ఉండగానే పట్టుకున్నవి. ఆయన పది నిమిషాలు కాగితాలు తిరగేశారు. “ఇది ఆపొద్దు” అన్నారు.

అంతా ఆటల వల్లే జరిగిందని చెప్పలేను. అదే సమయంలో సి షిఫ్టుకి కొత్త సూపర్‌వైజర్ వచ్చారు, మనుషుల్ని బాగా చూసుకునే వ్యక్తి. సరిచూసే ఆఫీసర్ ఒక్కడికి మూడు గదులు అన్న సంగతి ఉప్మా అట్ట దగ్గర బయటపడ్డాక, ఒక మనిషిని అదనంగా వేశారు. ఆ మనిషిని వేయకుండా ఆటలు మాత్రం ఆడించి ఉంటే రెండో నెలకే ఎవరూ నోరు విప్పేవారు కాదు. తప్పు చూపించినా ఏమీ మారదని తెలిస్తే ఎవరు మాత్రం ఎందుకు చూపిస్తారు? ఇలాంటి ఆటలు పెట్టాలనుకునే వాళ్ళకి నేను ముందుగా చెప్పే మాట ఇదే. మనుషులు మాట్లాడటం మొదలుపెడితే వినడానికి, చేయడానికి మీ దగ్గర ఏం సిద్ధంగా ఉంది?

పని చేయని చోట్లు కూడా ఉన్నాయి. రాత్రి పదింటి షిఫ్టులో ఆటలు ఎప్పుడూ సరిగ్గా నిలబడలేదు. బస్సు ఆలస్యంగా వస్తుంది, మనుషులు నిద్రమొహాలతో దిగుతారు. అక్కడ వారానికి రెండు రోజులకి తగ్గించాం. క్యూసీ ల్యాబ్ వాళ్ళు అసలు ఒప్పుకోలేదు. వాళ్ళకి ఒకరి పేరు ఒకరికి తెలుసు, మాస్కుల సమస్య లేదు, తమకి అక్కర్లేదన్నారు. నేను అక్కడి నుంచే వచ్చినదాన్ని, వాళ్ళ మాట నిజమేనని వదిలేశాను.

ఆ తర్వాత ఒక రోజు ఎ షిఫ్టులో, మాత్రల్ని స్ట్రిప్పుల్లో ప్యాక్ చేసే బ్లిస్టర్ లైన్ మీద కొత్త బ్యాచ్ మొదలవబోతోంది. లైన్ క్లియరెన్స్ అయిపోయింది, సంతకాలు పడ్డాయి. కన్వేయర్ చివర నిలబడ్డ ఒకావిడ కింద ట్రే అంచున ఇరుక్కున్న ఒక స్ట్రిప్ ముక్కని చూసింది. ముందు బ్యాచ్‌ది. మెషిన్ ఆన్ చేస్తున్న ఆపరేటర్‌ని పేరు చెప్పి, అన్నా ఆపు అంది. తర్వాత క్యూఏ అమ్మాయిని పేరు పెట్టి, గారు చేర్చి, ఇటు రమ్మని పిలిచింది. క్లియరెన్స్ సంతకం ఆ అమ్మాయిదే. ఆమె వచ్చి, వంగి చూసి, అందరి ముందూ “థాంక్స్ అక్కా” అంది. ఇది నేను అక్కడ లేనప్పుడు జరిగింది. రిపోర్టులో చదివాను. ‘ఎవరికి తెలియజేశారు’ అన్న గడిలో ఇద్దరి పూర్తి పేర్లు, టైమ్ ఉన్నాయి.

ఆ ప్యాకింగ్ ఆవిడ, క్యాంటీన్ హాల్లో అమ్మగారింటికి పోయానన్న ఆవిడే. కాంట్రాక్ట్ మారి ప్యాకింగ్‌లో సగం మంది కొత్తవాళ్ళు వచ్చినప్పుడు, వాళ్ళ గుంపుకి ఆట నడిపేది ఆవిడేనని లైన్ సూపర్‌వైజర్ చెప్పారు. ఉప్మా అట్ట అప్పటికి అందరికీ నోటికి వచ్చేసింది. కొత్తది కావాలంటే ఆవిడ ఇంటి నుంచి నోట్‌బుక్ కాగితం మీద సర్వపిండి రికార్డు రాసుకొచ్చింది. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, శెనగపప్పు, కరివేపాకు, కారం, ఉప్పు. గిన్నెకి నూనె రాసి, పిండి అద్ది, వేలితో చిల్లులు పెట్టి, మూత పెట్టి కాల్చడం. సంతకాల గడులు కూడా గీతలు కొట్టి తెచ్చింది.

తప్పు ఒక్కటే పెట్టానంది. కొత్తగా వచ్చిన ఇద్దరు ఆఫీసర్లు కొలతలన్నీ చూశారు, టైమ్‌లు చూశారు, సంతకాలు చూశారు. ఏడు నిమిషాలు అయిపోవస్తున్నాయి. దొరకలేదు. ఆవిడ చేతులు కట్టుకుని నిలబడి, తొందరపడకుండా చూస్తోంది. వెనక వరసలో ఉన్న కొత్త హెల్పర్ పిల్ల, వచ్చినప్పటి నుంచి నోరు విప్పనిది, అయిదో వరస మీద వేలు పెట్టింది. మొదటిది తీశాక వెంటనే అదే గిన్నెలో రెండోది అద్దినట్టు రాసి ఉంది అక్కడ.

“ఇక్కడుంది అక్కా. గిన్నె చల్లార్చకుండనే మల్ల ఎట్ల అద్దుతరు? చెయ్యి కాలదా?”